బాలిలో సంవత్సరాది: ఎక్కడ దిగాలి, ఏం సర్దుకోవాలి

బాలి హిందువుల సంవత్సరాదిని న్యెపి అంటారు. శకం మన శాలివాహన శకమే. 2026లో న్యెపి, ఉగాది ఒకేరోజు, మార్చి 19న. అక్కడా శకం 1948. ఏటా ఇలా కలవదు. 2024లో న్యెపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చాయి. మన పంచాంగం చూసి టికెట్లు కొనకండి.

ఆ రోజు ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా నిప్పు, దీపం, పని, ప్రయాణం, వినోదం అన్నీ బంద్. విమానాశ్రయం, రేవులు, ఏటీఎంలు మూతే. పెచలాంగ్ అనే సంప్రదాయ కాపలాదార్లు వీధుల్లో తిరుగుతూ, గేటు దాటినవాళ్లను, విదేశీయులైనా సరే, లోపలికి పంపేస్తారు. ప్రాణం మీదికొస్తేనే బండి కదులుతుంది.

అందుకే అక్కడ ముందు చూసుకోవాల్సింది బస. సముద్రతీరంలోని కూటాలో చవక గదులు దొరుకుతాయి గానీ చాలావాటికి ఆవరణ ఉండదు, ఎదురుగా సముద్రం ఉన్నా ఇసుకలో కాలు పెట్టనివ్వరు. నాలుగు గోడల మధ్య రోజంతా విసుగే. దీవి లోపలి ఊరు ఉబుద్‌లో తోట, ఈతకొలను ఉన్న మధ్యరకం హోటల్ నయం. హోమ్‌స్టేలో ఇంటివాళ్లే వ్రతంలో ఉంటారు, పొయ్యి వెలగదు. ముందురోజు వండిపెడతారేమో అడగాలి. ఏ హోటలైనా డబ్బు కట్టేముందు భోజనం అద్దెలో కలిసిందా, శాకాహారం ఉందా, వైఫై ఉంచుతారా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. మొబైల్ డేటాను 2018 నుంచి ఆ రోజు ఆపేస్తున్నారు. అటుకులు, కారప్పొడి, పళ్లు వెంట ఉంటే నిశ్చింత. రాత్రి తెరలు వేసి మసక దీపమే. బయటికి వెలుగు పొక్కకూడదు.

ముందురోజు సాయంత్రం ఓగో-ఓగో ఊరేగింపు. వెదురుతో కట్టిన భూతాల బొమ్మలను వెదురు చట్రాల మీద కుర్రాళ్లు మోస్తూ, కూడళ్లలో గిరగిరా తిప్పుతారు. బాలి రాజధాని డెన్‌పసార్‌లో నాలుగు ముఖాల చతుర్ముఖ విగ్రహం దగ్గర జనం విపరీతం. ఉబుద్‌లో సందడి తక్కువైనా నడిచి గదికి చేరొచ్చు, పిల్లలుంటే అదే మేలు. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే: మధ్యాహ్నం నుంచి దారులు మూస్తారు, ట్యాక్సీలు దొరకవు, ఆ సాయంత్రం విమానం దిగినవాళ్లు సామానుతో ఇరుక్కుపోతారు. కనీసం ఒకరోజు ముందే చేరి, నగదు తీసి, సరుకులు కొనేసుకోవాలి.

న్యెపి అమావాస్య మర్నాడు వస్తుంది కాబట్టి దీవంతా దీపాలార్పిన ఆ రాత్రి, మబ్బు లేకపోతే, ఆకాశం నిండా చుక్కలే. గది ఆవరణలోంచి అంత చీకటి ఆకాశం దొరకడం ఈ కాలంలో అరుదు.

మర్నాడు తిరుగు విమానం సాయంత్రానికి పెట్టుకోండి, పొద్దున అందరూ ఒక్కసారే రోడ్డెక్కుతారు. ఈ మౌనం పడనివాళ్లు రెండురోజుల ముందే పక్క దీవి లొంబోక్ వైపు గిలి దీవులకు వెళ్లొచ్చు. నుసా పెనిదా మాత్రం బాలిలో భాగమే, అక్కడా న్యెపి తప్పదు.