"మీ ఒంట్లో కరెంటు ఎక్కువ, వాచీ నిలవదు" అంటే నమ్మకండి

కొన్న నెలకే వాచీ ఆగిపోయిందని షాపుకి వెళ్తే, "మీ ఒంట్లో కరెంటు ఎక్కువండీ, అందుకే మీ చేతికి వాచీ నిలవడం లేదు" అని ఎవరైనా చెబితే ఇంకో రూపాయి కూడా తీయకండి. నేను తీశాను. 1,500 రూపాయలు పోయాయి, నాలుగు నెలలు షాపు చుట్టూ తిరిగాను. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

మాది రాజమండ్రి. హైస్కూల్లో తెలుగు చెబుతాను. గంట చూసుకుంటూ చేసే ఉద్యోగం, చేతికి వాచీ లేకపోతే నాకు తోచదు. ఫిబ్రవరిలో 2,650 పెట్టి సెల్‌తో నడిచే వాచీ కొన్నాను. ఏడాది వారంటీ అన్నారు. ఇరవై రోజులకే ఆగింది. సెల్‌కి వారంటీ ఉండదని 150 తీసుకుని కొత్తది వేశారు. ఐదు వారాలకు మళ్లీ ఆగింది. మళ్లీ 150. మూడోసారి, వాచీ ఆగి ఆగి నడుస్తోందని వెళ్తే కౌంటర్లో ఉన్నతను వాచీ వెనక మూత కూడా తియ్యలేదు. "ఇది వాచీ తప్పు కాదు మేడమ్, కొందరి ఒంటి తత్వమే అంత. దీనికి వారంటీ రాదు" అని, నల్లటి గుండ్లతో ఉన్న బ్రేస్‌లెట్ ఒకటి చూపించాడు. అది ఒంట్లో ఎక్కువైన కరెంటును లాగేస్తుందట. 1,200.

చదువుకున్నదాన్ని, ఎలా నమ్మానని అడుగుతారేమో. మా అమ్మ వల్ల నమ్మాను. పెళ్లిలో తాతయ్య పెట్టిన కీ వాచీ ఆర్నెల్లకే ఆగిపోయిందట. బాగు చేయిస్తే మళ్లీ ఆగిందట. "నా చేతికి వాచీ పడదే" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. కౌంటర్లో అతను అదే మాట అనేసరికి అమ్మ తత్వం నాకూ వచ్చిందనుకున్నాను.

అసలు మోసం ఆ తర్వాత జరిగింది. బ్రేస్‌లెట్, వాచీ రెండూ ఎడమ చేతికే పెట్టుకోమన్నాడు. అలా పెట్టుకున్న రోజు నుంచీ స్కూల్లో వాచీ ఆగిపోయేది. ఇంటికొచ్చి రెండూ తీసి, బ్రేస్‌లెట్ డబ్బాలో వేసి, వాచీ బల్ల మీద పెడితే టిక్కుటిక్కుమని నడిచేది! బల్ల మీద నడుస్తోంది, నా చేతికి ఆగుతోంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? నాకేదైనా జబ్బుందేమోనని టెన్షన్ పట్టుకుని రెండు వారాలు సరిగ్గా నిద్రపోలేదు.

చివరికి తోటి టీచరు ఒకావిడ పాత బజారులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. గాజు పెట్టె వెనక స్టూలు వేసుకుని నలభై ఏళ్లుగా వాచీలు బాగు చేస్తున్నాడు. విషయం చెప్పాను. ఆయన వాచీ ముట్టుకోకుండా ముందు నా చెయ్యి చాపమన్నాడు. పట్టకారుతో చిన్న మర ఒకటి తీసి బ్రేస్‌లెట్ దగ్గరికి తెచ్చాడు. టక్కున ఎగిరి నల్ల గుండుకి అతుక్కుంది. "ఇది అయస్కాంతం తల్లీ. ఇది పక్కనుంటే వాచీ ఎలా నడుస్తుంది?" అన్నాడు.

సెల్ వాచీలో క్వార్ట్జ్ ముక్క ఒకటి సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని లెక్కగట్టి లోపలి సర్క్యూట్ సెకనుకోసారి చిన్న తీగచుట్టకి కరెంటు పంపుతుంది. ఆ చుట్ట ఆవగింజంత అయస్కాంతాన్ని అరచుట్టు తిప్పితే ముల్లు ఒక గీత ముందుకి వేస్తుంది. పక్కన గట్టి అయస్కాంతం ఉంటే అది ఆ ఆవగింజని బిగబట్టేస్తుంది. దూరం జరిపితే మళ్లీ నడుస్తుంది. నాకు జరిగింది అచ్చంగా ఇదే. ఫోన్ స్పీకరు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు, హ్యాండ్‌బ్యాగు బొత్తాం కూడా మరీ దగ్గరైతే ఇదే పని చేస్తాయి.

మరి బ్రేస్‌లెట్ కొనకముందు ఎందుకు ఆగింది? కంటికి భూతద్దం పెట్టుకుని మూత తీసి నాకూ చూపించాడు. మూత లోపల ఉండాల్సిన రబ్బరు రింగు ఒకచోట నలిగి తెగిపోయి ఉంది. సెల్ మార్చినప్పుడు సరిగ్గా కూర్చోబెట్టలేదు. అక్కడి నుంచి చెమట లోపలికి దిగి, సెల్ ఆనే రేకు మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది. మే నెలలో రాజమండ్రి ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు కదా. ఇక సెల్: వేయాల్సింది ఎస్‌ఆర్ 626, వేసింది ఎల్‌ఆర్ 626. రెండూ ఒకే సైజు. మొదటిది సిల్వర్ ఆక్సైడ్, చివరిదాకా 1.55 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. రెండోది చవక ఆల్కలైన్, వాడేకొద్దీ వోల్టేజి దిగిపోతుంది. రెండోసారి ఆగినప్పుడు సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర అక్కడక్కడే కొట్టుకోవడం నాకు గుర్తుంది. అక్కడ ముల్లుని పైకెత్తాలి, సెల్‌కి ఆ శక్తి లేదు. మొదటిసారి ఆగింది షాపులో నెలల తరబడి నడిచి అరిగిన సెల్ వల్లే అయ్యుంటుందని ఆయన అన్నాడు.

ఒంట్లో కరెంటు మాట కూడా అడిగాను. "అందరి ఒంట్లోనూ ఉంటుందమ్మా, ఈసీజీ తీసేది దాన్నే" అన్నాడు. నిజమే, అది చర్మం దాకా వచ్చేసరికి వోల్టులో వెయ్యో వంతు. స్టీలు మూత వెనకున్న వాచీని ఆపే బలం దానికి లేదు. కొందరి చేతికే వాచీలు ఆగుతాయంటే వాళ్ల చెమట, వాళ్ల పని చూడాలి. సెల్ లేని ఆటోమేటిక్ వాచీలో చెయ్యి కదిలితేనే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది, పూర్తిగా చుట్టుకుంటే దాదాపు 40 గంటలు నడుస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చునే పెద్దవాళ్లకి అది ఆగిపోతే వాళ్ల ఒంటిదేం తప్పు? 30 మీటర్ల వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉన్నా, చేతులు కడిగేటప్పుడు పడే చినుకుల వరకే. బట్టలుతికేటప్పుడు తీసెయ్యాలి.

రింగు, సెల్, క్లీనింగు కలిపి ఆయన 320 తీసుకున్నాడు. అదే ఎడమ చేతికి ఐదు నెలలుగా నడుస్తోంది.

మీరు సెల్ మార్పిస్తే మీ ఎదుటే మార్చమనండి. సెల్ మీద అక్షరాలు చదవండి, రింగు వేశారా అని అడగండి. అయస్కాంతం బ్రేస్‌లెట్లు మాత్రం, ముఖ్యంగా గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, ఎవరు చెప్పినా కొనిపెట్టకండి. అయస్కాంతం దగ్గరైతే పేస్‌మేకర్ పనితీరే మారిపోవచ్చు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డబ్బు వెనక్కి అడిగితే షాపువాళ్లు ఇవ్వలేదు. వాచీకి బిల్లుంది కానీ బ్రేస్‌లెట్‌కి తెల్లకాగితం చీటీ రాసిచ్చారు, నేనూ ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు.

అమ్మ కీ వాచీ బీరువాలోంచి తీసి అదే పెద్దాయనకి ఇచ్చాం. మూత తీస్తే లోపలంతా తుప్పు. "ఇది పెట్టుకుని అంట్లు తోమేవారా అమ్మా?" అని అడిగాడు. అమ్మ ఏమీ అనలేదు, ఔనన్నట్టు తలూపింది. శనివారం రమ్మన్నాడు.