బెజవాడలో కూర్చుని లీడ్స్ స్నో చూసుకునేవాళ్ళకి విండీ యాప్ ఎలా పనికొచ్చిద్దంటే

యూకేలో కూతురో తమ్ముడో ఉన్న ఇళ్ళు ఇప్పుడు మన విజయవాడలో ఏ వీధిలో చూసినా ఉన్నాయి కాబట్టి ఈ రివ్యూ వాళ్ళకి పనికొచ్చిద్దని రాస్తున్నా. విండీ అనే ఈ వెదర్ యాప్ నేను ఫోన్లో వేసుకుంది తుఫాన్ల కోసం, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లో అందరం దీన్నే చూస్తూ కూర్చున్నాం. ఇప్పుడు చలికాలం వస్తే బంగాళాఖాతం కన్నా బ్రిటన్ మీదే ఎక్కువ జూమ్ చేస్తున్నా, ఎందుకంటే అక్కావాళ్ళు లీడ్స్‌లో ఉంటారు, అక్కడ స్నో పడిద్దా వానే పడిద్దా అన్నది చాలాసార్లు ముందురోజు రాత్రి దాకా తేలదు.

ఫోన్‌తో పాటు వచ్చే వెదర్ యాప్‌తో వచ్చిన బాధేంటంటే శనివారం అని రాసి పక్కన ఒక స్నో బొమ్మ పెట్టేస్తారు అంతే, మధ్యాహ్నానికి అది వాన బొమ్మ అయిద్ది, రాత్రికి మళ్ళీ స్నో అయిద్ది, ఎందుకు మారిందో ఎక్కడా ఉండదు. విండీలో అలా కాదు, లీడ్స్ మీద వేలు పెట్టి నొక్కితే కింద ఫోర్‌కాస్ట్ టేబుల్ వచ్చిద్ది, అందులో కంపేర్ నొక్కితే యూరప్ వాళ్ళ ఈసీఎండబ్ల్యూఎఫ్, అమెరికా వాళ్ళ జీఎఫ్ఎస్, జర్మనీ వాళ్ళ ఐకాన్ ఒకదాని కింద ఒకటి కనపడతాయి, ఇవి కంప్యూటర్లో వాతావరణాన్ని లెక్కకట్టే మోడళ్ళు. ఒకటేమో ఎనిమిది సెంటీమీటర్ల స్నో అంటది, దాని కిందది ఉత్త వానే అంటది. మూడూ ఒక్క మాట మీదకి వస్తే నమ్మొచ్చు, రాకపోతే ఇంకా ఎవరికీ తేలలేదని మనకి అర్థమయిపోద్ది. నేను ఈ యాప్‌కి మార్కులు వేసేది ఇందుకే, తేలని విషయాన్ని తేలిపోయినట్టు చూపించదు.

అసలు బ్రిటన్‌లో స్నో ఎందుకింత పేచీ అంటే చుట్టూ సముద్రం, జనవరిలో కూడా నార్త్ సీ నీళ్ళు ఆరేడు డిగ్రీల దగ్గర ఉంటాయి, పడమర నుంచి అట్లాంటిక్ వెచ్చటి గాలి ఎప్పుడూ తోస్తానే ఉంటది. అక్కడ స్నో పడే రోజుల్లో టెంపరేచర్ ఎక్కువగా సున్నాకీ రెండుకీ మధ్యనే ఆడతా ఉంటది, పెద్ద పెద్ద స్నోలు కూడా అంతే, అంటే ఒక్క డిగ్రీ అటో ఇటో అయితే కథ మారిపోద్ది. అల్పపీడనం వంద కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిందంటే స్నో పడాల్సిన ఊళ్ళో చల్లటి వాన పడిద్ది. 2018లో బీస్ట్ ఫ్రమ్ ది ఈస్ట్ అని తూర్పు నుంచి, రష్యా వైపు నుంచి గడ్డకట్టే గాలి వచ్చి ఫిబ్రవరి 28న స్కాట్లండ్‌కి రెడ్ వార్నింగ్ ఇచ్చారే, అట్లాంటివి అరుదు, మామూలు చలికాలంలో అంతా ఈ అంచు మీదే నడుస్తది.

అందుకని మ్యాప్ మీద స్నో చూపించే లేయర్ ఒక్కటే చూసి వదిలేయొద్దు. టెంపరేచర్ లేయర్ పెట్టుకుంటే పక్కనే ఆల్టిట్యూడ్ స్లైడర్ ఉంటది, దాన్ని 850 హెచ్‌పీఏ అన్న గాలి ఒత్తిడి గుర్తుకి జరిపితే సుమారు కిలోమీటరున్నర ఎత్తులో గాలి ఎంత చల్లగా ఉందో రంగుల్లో కనపడిద్ది, అక్కడ మైనస్ ఐదు లేదా ఇంకా తక్కువ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. తర్వాత ఫ్రీజింగ్ ఆల్టిట్యూడ్, అంటే టెంపరేచర్ సున్నాకి చేరే ఎత్తు, అది ఎంత కిందకి దిగితే అంత మంచిది. ఆ తర్వాత డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీటి బొట్లుగా మారటం మొదలయ్యే టెంపరేచర్, అది సున్నా కింద ఉందంటే గాలి పొడిగా ఉన్నట్టు, వాన మొదలైనా ఆవిరవుతా గాలిని ఇంకా చల్లబరిచి స్నోగా మార్చే అవకాశం ఉంటది. ఇవి ఒకటి రెండు సీజన్లు చూస్తే చేతికి అలవాటైపోతాయి, సైన్స్ చదవక్కర్లేదు.

అక్కడ స్నో అంటే ప్రాణం పెట్టే జనం మోడల్ మళ్ళీ లెక్క కట్టే ప్రతి కొత్త రన్ కోసం కాచుకుని కూర్చుంటారు, మనం వరదప్పుడు పులిచింతల నుంచి ఎంత వదిలారు, బ్యారేజీకి ఎప్పుడొచ్చిద్ది అని గంటగంటకీ అడుగుతామే అట్లాగే. (2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయిన రాత్రి ఈ ఊళ్ళో ఎవరూ పడుకోలేదు, ఆ కాచుకోవటం ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.) మన టైం ప్రకారం రాత్రి 9 దాటాక జీఎఫ్ఎస్ కొత్త రన్ రావటం మొదలయిద్ది, యూరప్‌ది వచ్చేసరికి అర్ధరాత్రి అటూఇటూ అయిద్ది. భోంచేసి ఒకటి చూసుకుని, పడుకునే ముందు రెండోది చూస్తే సరిపోద్ది.

2025 జనవరి 4, 5 తేదీల సంగతి చెప్తా. దక్షిణం నుంచి వెచ్చటి గాలి ఎక్కుతా వస్తంది, అది ఎక్కడ ఆగిద్దన్నదే ప్రశ్న, బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ వాళ్ళు కూడా యాంబర్ వార్నింగ్ ఇచ్చారు. శనివారం రాత్రి అక్క వీడియో కాల్‌లోనే కర్టెన్ పక్కకి లాగి ఫోన్ వీధి లైటు వైపు పెట్టింది, అక్కడ అందరూ చూసేది అట్లాగే, లైటు వెలుగులో చినుకు సూటిగా పడతందా, తేలుతా దిగుతందా అని. "ఏరా, ఇది స్నోనేనా, నీ దాంట్లో ఏముందో చూడు" అంది. దక్షిణాన స్నో త్వరగానే వానగా మారిపోయింది, ఉత్తరాన మాత్రం కురిసింది, లీడ్స్ బ్రాడ్‌ఫర్డ్ ఎయిర్‌పోర్ట్ రన్‌వే మూసేశారు. ఆ ఎయిర్‌పోర్ట్ 208 మీటర్ల ఎత్తులో ఉంటది, సిటీ సెంటర్ బాగా కింద ఉంటది, కాబట్టి ఒక్క ఊళ్ళోనే పైన స్నో కింద వాన అన్నది అక్కడ మామూలే.

ఇక్కడే ఈ యాప్ గురించి ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ భూమిని గడులుగా చేసి లెక్క కడతది, ఒక్కో గడి దాదాపు 9 కిలోమీటర్లు, అంత గడిలో కొండా లోయా కలిసిపోతాయి, అందుకే మీవాళ్ళ ఇల్లు ఎంత ఎత్తులో ఉందో మీరే తెలుసుకుని దాన్నిబట్టి చదువుకోవాలి. స్నో లేయర్‌లో కనపడే సెంటీమీటర్లు కూడా రోడ్డు మీద నిలిచేవి కావు, తడి నేల మీద చాలావరకు కరిగిపోద్ది. జీఎఫ్ఎస్ పదహారు రోజుల దాకా లెక్క కడతది గానీ ఐదు రోజులు దాటినదాన్ని చూసి మేనకోడలికి స్కూల్ సెలవని చెప్పొద్దు, పాపం ఆశ పెట్టుకుంటది. జాగ్రత్తల విషయానికొస్తే మాత్రం మెట్ ఆఫీస్ వార్నింగే ఫైనల్, ఎల్లో, యాంబర్, రెడ్ అని ఇస్తారు, దాన్ని దాటి ఏ యాప్ మాటా వినొద్దు.

అమ్మకి ఈ మోడళ్ళు ఏవీ అక్కర్లేదు, ఆవిడకి వెబ్‌క్యామ్‌లు పెట్టి ఇస్తా, మ్యాప్ మీదే ఉంటాయి, నొక్కితే అక్కడి రోడ్డు కనపడిద్ది, తెల్లగా ఉంటే వెంటనే అక్కకి ఫోన్ చేసి పిల్లకి స్వెట్టర్ వేశావా అంటది.

డబ్బుల విషయం. చెక్ రిపబ్లిక్ వాళ్ళది ఇది, 2014లో మొదలైంది, ఫ్రీగా వాడినా యాడ్స్ ఉండవు, అది చాలా పెద్ద విషయం. ఫ్రీ దాంట్లో ఫోర్‌కాస్ట్ మూడేసి గంటలకి ఉంటది, ప్రీమియం కడితే గంటగంటకీ. వాన ఎన్నింటికి స్నో అయిద్దో పట్టుకోవాలంటే ఆ గంటల తేడా ముఖ్యమే. బావగారు పొద్దున్నే ఎం62 మోటార్‌వే ఎక్కి కొండల మీదుగా మాంచెస్టర్ పోవాలి, ఆ రోడ్డు ఒకచోట 372 మీటర్ల ఎత్తుకి ఎక్కుద్ది, కాబట్టి అక్కావాళ్ళని చలికాలానికి కట్టమనే చెప్పా. ఇక్కడ మనకైతే ఫ్రీదే చాలు.