సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు చలాన్లు మీ ఫోన్‌లో మీరే చూసుకోండి

మా చెల్లి నర్సు. షిఫ్టు డ్యూటీలకి బస్సులు కుదరట్లేదని హైదరాబాద్‌లోనే పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో సెకండ్ హ్యాండ్ స్కూటీ తీసుకున్నాం. 42,000. ఇంజిన్ మెకానిక్‌కి చూపించాం, టైర్లు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అన్నీ చూసుకున్నాం. చలాన్లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే కన్సల్టెన్సీ ఓనర్ తన ఫోన్‌లో ఒక స్క్రీన్‌షాట్ చూపించాడు. పెండింగ్ ఏమీ లేవని ఉంది. నమ్మేశాను. అది ఏ తేదీదో చూడలేదు, నా ఫోన్‌లో నంబర్ కొట్టి చూసుకోలేదు. తప్పు అక్కడే జరిగింది.

పన్నెండో రోజు పొద్దున ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ వాళ్లు బండి ఆపారు. ఎనిమిదింటికి చెల్లి డ్యూటీలో ఉండాలి. నంబర్ కొట్టగానే తొమ్మిది చలాన్లు, మొత్తం 4,115 రూపాయలు. హెల్మెట్ పెట్టుకుని, లైసెన్స్ దగ్గర పెట్టుకుని, తన దారిన తాను వెళ్తున్న పిల్ల. రోడ్డు పక్కన నిలబడి ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ రాత్రి తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో ఒక్కో చలానూ తెరిచి చూశా. ప్రతిదాంట్లో ఫొటో, చోటు, తేదీ, టైము ఉంటాయి. ఆరు హెల్మెట్‌వి, ఒక్కోటి 135. అందులో 100 ఫైను, 35 యూజర్ చార్జీ. ఒక ఫొటోలో ముందర గ్యాస్ బండ పెట్టుకుని ఒక కుర్రాడు వెళ్తున్నాడు. టీషర్టు వీపు మీద ఆ కన్సల్టెన్సీ పేరే ఉంది. నంబర్ ప్లేటుకి ఎడమవైపు స్క్రూ లేదు, మా బండికీ లేదు. అమ్మకానికి పెట్టిన బండిని వాళ్ల సొంత పనులకి అలా తిప్పారన్నమాట.

ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి. కెమెరాకి చిక్కిన తప్పుకి 15 రోజుల్లోగా నోటీసు పంపాలని 2021లో కేంద్రం రూల్ తెచ్చింది. అంటే ఈ రోజు సైట్‌లో సున్నా కనిపించినా మొన్నటి చలాను రేపు ఎక్కొచ్చు. పైగా పేరు మారేదాకా మెసేజ్‌లన్నీ పాత ఓనర్ నంబర్‌కే పోతాయి, మనంతట మనం చూసుకుంటే తప్ప తెలిసే దారే లేదు. అందుకే కొనే రోజు ఒకసారి చూడండి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ చూడండి. కొంత డబ్బు అప్పటిదాకా ఆపి ఉంచుకోగలిగితే ఇంకా మంచిది.

అడగడానికి వెళ్తే కన్సల్టెన్సీ ఓనర్ అన్న మాట: "ఏం గాదన్నా, గవర్నమెంట్ డిస్కౌంట్ పెడ్తది, అప్పుడు కట్టుకుంటే అయిపోతది." తెలంగాణలో 2022 మార్చిలో టూ వీలర్లకి 75 శాతం, 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం తగ్గించిన మాట నిజమే. కానీ మళ్లీ ఎప్పుడు పెడతారో ఎవరి చేతిలో ఉంది? అప్పటిదాకా నా చెల్లి రోజూ అదే రోడ్డు మీద ఆగాలా?

ఆ తొమ్మిదిలో ఒకటి అసలు మా బండిదే కాదు. సిగ్నల్ జంప్, 1,035. మాది బూడిద రంగు స్కూటీ, ఫొటోలో ఉన్నది నల్ల బైకు. ప్లేటు మీద బురద పడి 3 కాస్తా 8 లాగా కనబడుతోంది. ఇలాంటివి తొందరపడి కట్టకండి, కడితే ఒప్పుకున్నట్టే. ఈ-చలాన్ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టే చోటుంది. బండి ఫొటో, ఆర్‌సీ జత చేసి పెట్టాను, కొన్ని రోజులకి తీసేశారు.

ఇదంతా నడుస్తుండగానే వాట్సాప్‌లో "మీ చలాన్ వివరాలు" అంటూ ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కేది) వచ్చింది. దాన్ని ముట్టుకోవద్దు. ఇన్‌స్టాల్ చేస్తే బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. ఎవరైనా ఇప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పేరు మార్పిడి కూడా వాయిదా వేయకండి. ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు చేయించుకోండి. కొన్నవాళ్లకి 30 రోజులు గడువు, అదే రాష్ట్రంలో అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి. అమ్మేవాళ్లకీ ఇది ముఖ్యమే: రికార్డులో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

చివరికి కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర బండి ఉన్న రోజుల చలాన్లు వాళ్లే కట్టారు, ఊరికే కాదు, మూడుసార్లు తిరిగాక. ఆ తొమ్మిదిలో ట్రిపుల్ రైడింగ్‌ది ఒకటి మాత్రం మేం బండి తీసుకున్న తేదీనే పడింది. "అది మీరే నడిపారు" అని కన్సల్టెన్సీ ఓనర్ కూర్చున్నాడు. డెలివరీ కాగితం మీద తేదీ ఉంది గానీ టైము లేదు. చలాను పొద్దున 11:20కి, నా ఫోన్‌పే సాయంత్రం 5:12కి. అది చూపిస్తే గానీ దిగిరాలేదు. పాత ఓనర్ కాలంనాటి మూడు హెల్మెట్ చలాన్లు, 405 రూపాయలు, నేనే కట్టాను. మీరు బండి తీసుకునేటప్పుడు ఆ కాగితం మీద తేదీ, టైము, కిలోమీటర్ల రీడింగు మూడూ రాయించుకుని, కింద అమ్మేవాళ్ల సంతకం పెట్టించుకోండి.