విజయనగరం చూడాలంటే నడవాలి

విజయనగరాన్ని కారులోంచి చూసి "ఏముంది, ఇరుకు రోడ్లు, ట్రాఫిక్" అని తేల్చేసేవాళ్ల మాట నాకు నచ్చదు. ఇది నడిచేవాళ్ల ఊరు. గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లమ్మ చదురు గుడి, కోట అన్నీ దగ్గరదగ్గరే. ఆ రద్దీలో ఆటో కన్నా మన కాళ్లే ముందు చేరుస్తాయి.

ఉండటానికి ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాలు మేలు. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ రోడ్డు వైపు కావడంతో తెల్లవార్లూ హారన్ల మోతే. వెనకవైపు గది అడిగి తీసుకోండి.

పొద్దున్నే బయల్దేరితే 1885లో కట్టిన గంటస్తంభాన్ని, దాని ఎనిమిది పలకల్ని తీరిగ్గా తలెత్తి చూడొచ్చు. పది దాటాక ఆ వీలుండదు. తోపుడుబళ్లు, బైకులు, సరుకు దించే వ్యాన్లు, వాటి మధ్యలోంచే మనుషులూ. పెద్దవాళ్లతో, పసిపిల్లలతో వస్తే ఆ వేళ తప్పించండి.

బజార్లో సీతాఫలాల బుట్ట ముందు కూర్చున్న ఒకామెని కోటకి దారి అడిగాను. "కోటకేటి బాబూ, ఇలా తిన్నగా ఎల్లిపో" అంటూనే కాయలు ఏరింది. ఒక్కోదాన్నీ బొటనవేలితో మెల్లగా నొక్కి, "ఇది ఇయ్యాల తిను, ఇది రేపు" అని విడివిడిగా కట్టిచ్చింది. బేరమాడాలనే అనిపించలేదు.

విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ పండగలో ఊరేగించే సిరిమాను, అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేది ఈ దారిలోనే. కొసన పూజారిని కూర్చోబెట్టిన అంత పొడుగు మాను ఈ జనంలో ఎలా కదులుతుందో ఇక్కడ నడిస్తేనే ఊహకందుతుంది. పండగకి రావాలంటే గది చాలా ముందే చూసుకోవాలి.

కోటకి 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు శంకుస్థాపన జరిగిందని చెబుతారు. లోపల మహిళా కళాశాల ఉంది కాబట్టి గేటు దగ్గర అడిగి, చూడనిచ్చినంత వరకే చూడాలి. నగారాఖానా ద్వారం, బురుజులు బయటి నుంచి చూసినా తృప్తిగానే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది సంగీత కళాశాల. 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే. ఒక గదిలోంచి వయొలిన్ వినిపించింది. అదే స్వరం దగ్గర ఆగి, దిద్దుకుని, మళ్లీ మొదటికొచ్చి వాయిస్తున్నారు. కళాశాల సెలవు రోజున వెళ్తే ఇది దొరకదు, పనిదినం చూసుకుని రండి. గురజాడ అప్పారావు గారి ఇల్లు కూడా ఈ ఊళ్లోనే, దానికోసం ఒక పూట విడిగా ఉంచుకోండి.

సాయంత్రం బజారు మళ్లీ కిక్కిరిసిపోతుంది. ముంత మసాలా బండి దగ్గర ఆగి, నిమ్మరసం కాస్త ఎక్కువ పిండమనండి. విశాఖకి అదే రాత్రి తిరిగెళ్లేవాళ్లకి టైముకి రైలుంటే రైలే సుఖం. లేదంటే కాంప్లెక్స్‌లో బస్సులున్నాయి, టెన్షన్ అక్కర్లేదు.