ట్యాక్సీ, టోల్ ఖర్చులకూ మైళ్లు: ఈ కార్డు నాకు నచ్చింది

విమానం టికెట్ కోసం మైళ్లు (క్రెడిట్ కార్డు వాడితే వచ్చే రివార్డు పాయింట్లు) ఏళ్ల తరబడి దాచే ఓపిక నాకు లేదు. ఈ కార్డులో ట్యాక్సీ, మెట్రో, టోల్ ఖర్చులకు కూడా మైళ్లు వాడుకోవచ్చు. యాప్‌లో ఆ ఖర్చు పక్కనే బటన్ ఉంటుంది, నొక్కితే ఆ మొత్తం కార్డు ఖాతాలో జమ అవుతుంది. మైళ్లతో విమానంలో సీట్లు దొరుకుతాయో లేదో అన్న టెన్షనే లేదు. బిజినెస్ క్లాస్‌లో వెళ్లాలనుకునేవాళ్లకైతే మైళ్లను విమాన సంస్థకు బదిలీ చేసుకోవడమే ఎక్కువసార్లు లాభం.

అయితే ఏది ప్రయాణ ఖర్చో తేల్చేది మనం కాదు, వ్యాపారి కోడ్, అంటే అది ఏ రకం వ్యాపారమో చెప్పే నాలుగంకెల నంబరు. ట్యాక్సీకి 4121, టోల్‌కి 4784, పార్కింగ్‌కి 7523. ఓసారి మాల్‌లో కట్టిన పార్కింగ్ డబ్బు మాల్ కోడ్ కింద పడింది, బటన్ రాలేదు. కస్టమర్ కేర్ వాళ్లు చేతులెత్తేశారు. నాకు చాలా కోపం వచ్చింది.

ఇలా జమైన సొమ్మును సాధారణంగా కనీస చెల్లింపు కింద లెక్కేయరు. గడువులోపు బిల్లు విడిగా కట్టండి.