నూవోనా, ఎన్విడియా డ్రైవరా? దాంతో పాటు ఇంకో రెండు తగువులు

లైనక్స్ డెస్క్‌టాప్ సతాయించగానే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్" అనేస్తారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అది. పైగా ఎలుకలూ పోవు: అదే గ్రాఫిక్స్ కార్డు, అదే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్), అదే డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రామ్) వచ్చి కూర్చుంటాయి, పూట గడిచాక మళ్లీ అదే నల్ల తెర. అందుకే దాన్ని పక్కన పెడుతున్నా.

గ్రాఫిక్స్ విషయంలో ఇంటెల్, ఏఎండీ వాళ్లకు పెద్దగా తలనొప్పి లేదు. కావలసిన డ్రైవర్ కెర్నల్‌లోనూ మీసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోనూ ఉంటుంది, బయట వెతక్కండి. తగువంతా ఎన్విడియా కార్డుల దగ్గరే.

నూవో అంటే ఎన్విడియా కార్డులకున్న ఓపెన్ సోర్స్ డ్రైవర్, ప్రధానంగా రివర్స్ ఇంజనీరింగ్‌తో (కార్డు పనిచేసే తీరు చూసి రాయడం) పుట్టింది. కెర్నల్‌తో పాటే వస్తుంది కాబట్టి అప్‌డేట్ తర్వాత విడిగా కంపైల్ చేసే (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే) పని ఉండదు. దాని చిక్కు క్లాక్ (కార్డు పనిచేసే వేగం) దగ్గర. జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి కార్డు వేగం పెంచాలంటే ఎన్విడియా డిజిటల్ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) కావాలి, అది నూవోకి దక్కలేదు. దాంతో 900, 10 సిరీస్ కార్డులు బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. 2018లో వచ్చిన ట్యూరింగ్ కార్డుల నుంచి కథ మారింది. వాటిలో జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఉంటుంది, వేగం సంగతి అదే చూసుకుంటుంది. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నల్ నుంచి నూవో దాన్ని వాడుకోగలుగుతోంది.

ఎన్విడియా కంపెనీ సొంత డ్రైవర్‌కు వేగంలో లోటు లేదు. దాని గొడవ కెర్నల్ మారిన రోజున మొదలవుతుంది. డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను కంపైల్ చేసే ఏర్పాటు) పద్ధతిలో వేసుంటే మాడ్యూల్‌ను (డ్రైవర్‌లో కెర్నల్‌కు తగిలించే భాగం) మళ్లీ కంపైల్ చేయాలి, కెర్నల్ హెడర్లు (అందుకు కావలసిన ఫైళ్లు) లేకపోతే అది కుదరదు. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను ఆపే రక్షణ) ఆన్‌లో ఉండి మాడ్యూల్‌కు సంతకం లేకపోయినా లోడ్ కాదు. 2022 మేలో కంపెనీ తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ బయటపెట్టింది గానీ అవి ట్యూరింగ్ నుంచే పనిచేస్తాయి. ఏదైనా సరే, కంపెనీ సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దింపుకోకండి. మీ డిస్ట్రో (మీరు వాడే లైనక్స్ రకం) రిపాజిటరీలోదే, అంటే దాని సాఫ్ట్‌వేర్ భండారంలోదే వేయండి.

నా లెక్కలో 900, 10 సిరీస్ వాళ్లకు కంపెనీ డ్రైవరే మేలు. కాకపోతే ఆ కార్డులకు ఆ డ్రైవర్‌లో 580 బ్రాంచే (వెర్షన్ల వరసే) ఆఖరిది. ఆటలు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు కొత్త కార్డులకూ కంపెనీ డ్రైవరే వాడాలి. పాత కెప్లర్ తరం (900 సిరీస్ కంటే ముందటి) కార్డుతో బ్రౌజింగే చేసేవాళ్లకు నూవో చాలు. కంపెనీ వాటిని 470 బ్రాంచ్ దగ్గరే వదిలేసింది, కొత్త కెర్నళ్లతో దాన్ని నిలబెట్టడం రోజువారీ కుస్తీ.

ఇక్కడ నా తెలివితక్కువ ఒకటి చెప్పాలి. ఒకసారి తెర నల్లబడితే గ్రబ్ (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బూట్ ప్రోగ్రామ్) మెనూలో 'ఈ' (e) కీ నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' (గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టమనే ఆదేశం) చేర్చి బూట్ చేశా. తెర వచ్చింది. సంబరంలో దాన్ని గ్రబ్ ఫైల్లో శాశ్వతంగా రాసి మర్చిపోయా. నెలల తరబడి కిటికీ జరిపితే వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది, వీడియో పెడితే ఫ్యాన్ హోరు. డెస్క్‌టాప్ బరువైందనుకుని గ్నోమ్ డెస్క్‌టాప్ తీసి తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈకి మారా. చివరికి ఒకరోజు 'జీఎల్ఎక్స్‌ఇన్ఫో' కమాండ్ నడిపితే రెండరర్ (బొమ్మ గీసేది) పేరున్న చోట కార్డు పేరుకు బదులు 'ఎల్ఎల్‌వీఎంపైప్' కనబడింది. అంటే అన్నాళ్లూ బొమ్మ గీసింది సీపీయూ! కార్డు ఊరికే కూర్చుంది. నోమోడ్‌సెట్ అనేది డ్రైవర్ వేసుకునేదాకా వాడే ఊతకర్ర, అంతే.

అందుకే తేలిక డెస్క్‌టాప్‌కు మారాలా, హార్డ్‌వేర్ మార్చాలా అన్న ప్రశ్నకు ముందు ఆ రెండరర్ పేరు చూడమంటా. అది సరిగ్గా ఉంటే 'ఫ్రీ' కమాండ్ ఇచ్చి 'అవైలబుల్' అన్న గడి చూడండి. 'ఫ్రీ' అన్న గడిలో అంకె తక్కువుందని కంగారు పడక్కర్లేదు, ఖాళీ ర్యామ్‌ను కెర్నల్ క్యాష్‌కు (చదివిన ఫైళ్లను దగ్గర పెట్టుకోవడానికి) వాడుకుంటుంది. అవైలబుల్ నిజంగానే అడుగంటితే జెడ్‌ర్యామ్ మేలు. పేజీలను (మెమరీ ముక్కలను) డిస్కుకు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. ఫెడోరా డిస్ట్రో 2020 నుంచి, 33వ వెర్షన్‌తో, దాన్నే డిఫాల్ట్‌గా ఇస్తోంది. ర్యామ్ మిగిలే ఉండి, హార్డ్ డిస్కు మాత్రం గరగరలాడుతుంటే ఎస్‌ఎస్‌డీ కొనండి. అప్పుడు ఏ డెస్క్‌టాప్‌కు మారినా ఒరిగేదేమీ లేదు.

నెట్‌వర్క్‌లో కేబుల్‌కు సాటి లేదు, లాగగలిగితే లాగేయండి. వైఫైయే గతి అంటే ముందు 8.8.8.8కి (గూగుల్ సర్వర్ చిరునామా) పింగ్ కొట్టండి, అంటే జవాబొస్తుందో లేదో చూడండి. అది వెళ్లి, సైట్ల పేర్లు మాత్రం తెరుచుకోకపోతే తప్పు డీఎన్ఎస్‌ది (సైట్ పేరును అంకెల చిరునామాగా మార్చేది), డ్రైవర్ జోలికి వెళ్లకండి. కాసేపు బాగుండి కాసేపు నిద్రపోతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించాలి. నెట్ కనెక్షన్లు చూసే నెట్‌వర్క్‌మేనేజర్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే ఆన్ అని, 2 అంటే ఆఫ్ అని అర్థం. అసలు వైఫై కార్డునే గుర్తించకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి డ్రైవర్ దించుకోవచ్చు.

యూఎస్‌బీ వైఫై డాంగిల్ వాడేవాళ్లు ఇంకోటి చూడాలి. యూఎస్‌బీ 3.0 పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పాడుచేస్తుంది. పెద్ద ఫైలు ఎక్స్‌టర్నల్ డిస్కుకు కాపీ అవుతున్నప్పుడే నెట్ తెగుతుంటే, సెట్టింగులు మార్చే ముందు డాంగిల్‌ను ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో క్యాబినెట్‌కు మూరెడు దూరం జరిపి చూడండి.