ఆయిల్ లైటు వెలిగి ఆరుతోందా? నెల్లిమర్ల రోడ్డులో ఈ షెడ్డుకి ఒకసారి వెళ్లండి

కూర్చోడానికి సోఫా, తాగడానికి కాఫీ, ఫోన్‌కి ఎస్టిమేట్ మెసేజ్ కావాలనుకునేవాళ్లకి ఈ మెకానిక్ షెడ్డు పనికిరాదు. రేకుల కప్పు, ముందు ఓ వేపచెట్టు, దాని కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో ఒకటి కూర్చుంటే ఒరిగిపోతుంది. కానీ మీ కారు డ్యాష్‌బోర్డు మీద ఆ ఎర్ర నూనె డబ్బా గుర్తు ఓసారి వెలిగి ఓసారి ఆరుతూ, ఎవరికి చూపించినా తలో మాట చెప్తున్నారంటే, విజయనగరంలో నేను చూసినంతవరకూ ఆ పనికి సరైన మనిషి ఈ షెడ్డు మెకానిక్కే. ఇతని దగ్గర ఆయిల్ ప్రెజర్ కొలిచే గేజి ఉంది, పైగా దాన్ని వాడతాడు. ఇదేం గొప్ప అనుకోకండి, ఇంతకుముందు నేను తిరిగిన చోట్ల గేజి అన్న మాటే ఎవరి నోటా రాలేదు.

నాది పదేళ్లు దాటిన పెట్రోల్ బండి. శ్రీకాకుళం నుంచి వస్తూ నాతవలస టోల్‌గేటు దగ్గర క్యూలో ఉన్నాం, మిట్టమధ్యాహ్నం, ఏసీ ఫుల్లుగా పెట్టి ఉంది, బండి స్లోలో (ఇంజిన్ నడుస్తూ, యాక్సిలరేటర్ తొక్కకుండా) ఆగి ఉండగా ఆ లైటు మిణుక్కుమంది. కాస్త రేజ్ చేస్తే ఆరిపోయింది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ మిణుక్కు. టోల్ దాటీ దాటగానే పక్కకి తీసి ఇంజిన్ ఆపేశాను. "ఆరిపోతోంది కదా, మెల్లిగా ఇంటికి పోదాం" అని వెనకసీట్లోంచి సలహా వచ్చింది గానీ, ఈ ఒక్క లైటు దగ్గర మాత్రం ఆ మాట వినకూడదు. ఇంజిన్ లోపల క్రాంకు (తిరిగే ఇరుసు), బేరింగులు తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీద, దాన్ని నిలబెట్టేది ప్రెజర్. అది నిజంగా పోతే ఇనుముకి ఇనుము రాసుకుంటుంది, కొన్ని నిమిషాల్లో ఇంజిన్ బోరుకి వచ్చేస్తుంది. చదునైన చోట బండి ఆపి, ఓ పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల) తీసి చూడటం, మార్కు కిందకి ఉంటే ఆయిల్ పోయడం, మార్కు సరిగ్గా ఉన్నా లైటు వెలుగుతోందంటే బండి తోలకుండా లాగించుకుపోవడం, రోడ్డు మీద మనం చేయగలిగింది అంతే. జాతీయ రహదారి మీదైతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయొచ్చు. మా బావ దగ్గర్లోనే ఉన్నాడు కాబట్టి నాకా అవసరం పడలేదు.

నా డిప్‌స్టిక్ మీద ఆయిల్ రెండు గీతల మధ్య శుభ్రంగా ఉంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ ఎంత ఉందో కాదు, ఎంత ఒత్తిడితో పోతోందో. ఇంజిన్ బ్లాకుకి బిగించి బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది, ప్రెజర్ ఇంచుమించు 5-7 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కిందకి పడిపోతే అది లైటు వెలిగిస్తుంది. అంటే లైటు వెలిగేసరికే పరిస్థితి బాగా దిగజారి ఉంటుంది, ముందస్తు హెచ్చరిక అనుకోడానికి లేదు. వేడెక్కాక ఆయిల్ పలచబడుతుంది, స్లోలో పంపు కూడా నెమ్మదిగా తిరుగుతుంది, అందుకే ఏ లోపం ఉన్నా ముందు బయటపడేది వేడి మీద, స్లోలో.

టౌన్లో మొదట చూపించిన చోట (పేరు ఎందుకులెండి) చూడగానే స్విచ్ పోయిందన్నారు, మార్చారు. అది తప్పుడు మాటేం కాదు, స్విచ్ పాడవడం, దాని కనెక్టర్‌లోకి ఆయిల్ కారడం మామూలే, చవకలో పోయే పని కూడా. కానీ మళ్లీ వెలిగింది. అప్పుడు ఇంకొకాయన 20డబ్ల్యూ-50 గ్రేడ్ ఆయిల్ పోసెయ్, చిక్కగా ఉంటుంది, లైటు రాదు అన్నాడు. రాదు, నిజమే. జ్వరానికి థర్మామీటరు దాచేసినట్టుంటుంది ఆ వైద్యం. సన్నటి దారుల్లో పారాల్సిన ఆయిల్ చిక్కబడితే పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడానికే టైం పడుతుంది, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఊరికే రాయరు. మూడో చోట ఏకంగా పంపు మార్చాలన్నారు, లేబరుతో కలిపి 20 వేల పైమాటే. దేన్ని చూసి ఆ మాట అన్నారంటే, లైటుని చూసి.

ఈ షెడ్డుకి వెళ్తే ఇతను మొదట అడిగింది లైటు ఎప్పుడు వెలుగుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా, బ్రేకు కొట్టినప్పుడా, మలుపులోనా అని. తర్వాత అన్న మాట నాకు బాగా నచ్చింది. "లైటు నిజం సెప్తందా అబద్ధం సెప్తందా, ముందు అది తేలాల కదా సార్. అది తేలకుండా ఏటి మార్చీసినా దండగే." స్విచ్ విప్పి, ఆ కన్నంలోనే గేజి గొట్టం బిగించి స్టార్ట్ చేశాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 40 దాటింది. ఫ్యాన్ రెండుమూడు సార్లు తిరిగి ఆగేదాకా అలాగే వదిలేశాడు, తొందరపడలేదు, ఈలోపు పక్కన ఇంకో బండి టైరు విప్పుకుంటూ ఉన్నాడు. వేడెక్కాక స్లోలో ముల్లు 6 దగ్గర వణుకుతోంది, రేజ్ చేస్తే 20కి పైన పోతోంది గానీ నిలకడ లేదు. అంటే లైటు అబద్ధమాడటం లేదు.

నేను పంపేనేమో అనుకుంటుంటే, "సాంబరు ఎప్పుడైనా ఇప్పారా?" అని అడిగాడు. విప్పారు. మా ఊరి రోడ్డు మీద రాయి తగిలి ఆయిల్ కారుతుంటే, వేరే ఊళ్లో చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, ఇతని నోట సాంబరు) దింపి మళ్లీ బిగించారు. ఆ మాట వినగానే తల ఊపి, ఆయిల్ దింపి చాంబర్ విప్పాడు. లోపల ఆయిల్ పీల్చే స్ట్రైనర్ జాలీ నిండా బూడిదరంగు సిలికాన్ గమ్ము ముక్కలు, తీగలు తీగలుగా, వాటి మధ్య నల్లటి మడ్డి. ప్యాకింగ్ బదులు గమ్ము పూసేటప్పుడు సన్నటి గీతలా పూయాలి. దిట్టంగా దట్టిస్తే బిగించినప్పుడు బయటకి వచ్చినట్టే లోపలికీ వస్తుంది, ఎండాక విరిగి ఆయిల్లో తేలుతుంది. పంపు పీల్చేకొద్దీ ఆ ముక్కలు జాలీకి అతుక్కుంటాయి, ఇంజిన్ ఆపగానే కొన్ని రాలిపడతాయి, అందుకే ఒకరోజు వెలిగి ఇంకోరోజు అసలు కనబడలేదు. ఇన్నాళ్ల అయోమయానికి అంత చిన్న కారణం. ఒక ముక్క గోటితో గిల్లి నా చేతిలో పెట్టాడు, రబ్బరులా సాగింది.

స్ట్రైనర్ కడిగాడు, చాంబర్ అంచుల మీద పాత గమ్ము ప్లాస్టిక్ గీకుడుతో ఓపిగ్గా గీకాడు, కొత్తది సన్నగా పూసి, ఆరడానికి రాత్రంతా వదిలేశాడు. సాయంత్రానికే కావాలంటే ఇవ్వనన్నాడు. నాకు చిరాకేసింది గానీ తప్పు పట్టలేను. ఫిల్టరు కొత్తది, ఆయిల్ మాన్యువల్లో ఉన్న గ్రేడే. పొద్దున్న మళ్లీ గేజి పెట్టి చూపిస్తే వేడి మీద స్లోలో 18, రేజ్ చేస్తే 40 దాటి నిలకడగా ఉంది. మొత్తం ఖర్చు 6 వేల లోపు, అందులో గేజి పెట్టి చూసినందుకు విడిగా తీసుకున్నది 300. ఆ తర్వాత సాలూరు దాటి ఘాట్ ఎక్కి కోరాపుట్ దాకా వెళ్లొచ్చాను, ఎండలో, నలుగురితో. లైటు తాళం తిప్పినప్పుడు వెలిగి, స్టార్ట్ అవగానే ఆరిపోతోంది, అలాగే ఉండాలి. తాళం తిప్పినప్పుడు కూడా వెలగకపోతే స్విచ్చో వైరో చూపించుకోండి, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

ఇక విసిగించేవి. ఫోన్ ఎత్తడు, ఎత్తినా "తెచ్చీయండి" అని పెట్టేస్తాడు. బిల్లు అడిగితే నోటు పుస్తకంలో కాగితం చింపి రాసిస్తాడు, ఇన్సూరెన్స్‌కో ఆఫీసుకో చూపించాల్సినవాళ్లకి అది చెల్లదు. ఇద్దరే కుర్రాళ్లు, కాబట్టి సాయంత్రం వెళ్తే మరుసటి రోజు వరకూ చెయ్యి పడదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనులు ఒప్పుకోడు, ఆ మాట ముందే చెప్పేస్తాడు. సిరిమానోత్సవం వారంలో మూసేస్తాడు, తీసినా ఆ జనంలో టౌన్ దాటి బండి అక్కడికి చేర్చడం మీ వల్ల కాదు. లైటు వెలుగుతున్న బండైతే అసలు తోలుకురావద్దంటాడు, ముందురోజు వెళ్లి చెప్తే లాగడానికి కుర్రాణ్ణి పంపిస్తాడు, టౌన్ లోపలైతే దానికి డబ్బులు తీసుకోడు.